గోల వేరు, గగ్గోలు వేరు: ఇంగ్లిష్ పత్రికల్లో చప్పుడు మాటలు

విజయనగరంలో ఉండే మా పిన్ని ఒకరోజు పొద్దున్నే ఫోను చేసింది. "మీ బరంపురంలో అల్లర్లట కదా నాయనా, పిల్లలను బయటికి పంపకండి" అంది. నేను అప్పుడే బజారుకు వెళ్లి వంకాయలు కొనుక్కుని వచ్చాను. దారిలో అల్లరి చేస్తూ కనిపించింది ఒక ఆవు మాత్రమే. ఆరా తీస్తే అసలు సంగతి తేలింది. పిన్ని మనవడు ఇంగ్లిష్ పత్రిక చదివి వినిపించాడు. మా ఊళ్లో జరిగిన ఒక సమావేశం గురించిన వార్తకు 'అప్‌రోర్' అని శీర్షిక పెట్టారు. పిల్లవాడు దానికి 'అల్లరి' అని అర్థం చెప్పాడు, పిన్ని దాన్ని బహువచనం చేసింది. ఆ సమావేశంలో నిజంగా జరిగింది నలుగురూ ఒకేసారి గొంతు పెంచి మాట్లాడటం. ఒక్క కుర్చీ కూడా విరగలేదు.

సరిహద్దు ఊళ్లలో ఇలాంటి పొరపాటు తరచుగా జరుగుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అందులోకి వెళ్లింది. ఇక్కడి తెలుగు కుటుంబాలకు అప్పటి నుంచి ఇంట్లో ఒక భాష, బజారులో ఒకటి, బడిలో ఇంకొకటి. టీ దుకాణం బల్ల మీద ఒకే సంఘటన మూడు శీర్షికలతో పడి ఉంటుంది. ఇంగ్లిష్‌లో 'అప్‌రోర్', ఒడియాలో 'హట్టగోళ', తెలుగులో 'రభస'. ఈ మూడూ ఒకటేనా?

ఇంగ్లిష్‌లో గోలకు డజన్లకొద్దీ మాటలున్నాయి. వాటిని బిగ్గరతనం ప్రకారం వరసపెట్టి నేర్పాలని నేను చాలాకాలం ప్రయత్నించాను. ట్యూషన్ పిల్లల చేత నిచ్చెన బొమ్మ కూడా గీయించాను. ఆ నిచ్చెన నిలబడలేదు. ఎందుకంటే వీటిలో సగం మాటలకు చప్పుడుతో పనే లేదు. ముందు అడగవలసినది వేరు: చెవికి వినిపించే శబ్దం అసలు ఉందా? ఉంటే అందులో ఒక కోరిక ఉందా? ఆ మాట వాడినవారు ఏ గట్టున నిలబడి వాడారు?

చెవులను మోదే చప్పుడు

'డిన్' అంటే ఆగకుండా చెవుల మీద పడే మోత. మన 'రణగొణ ధ్వని'కి దగ్గర. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే ఠాకురాణీ యాత్రలో, పులి వేషాల వెనక డప్పుల పక్కన పది నిమిషాలు నిలబడితే ఈ మాటకు నిఘంటువు అక్కరలేదు. పుట్టుకలో కూడా ఇది మనకు పరాయిది కాదు. 'డిన్', సంస్కృతంలోని 'ధ్వని' ఒకే పాత మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రం చెబుతుంది. సంస్కృతంలో 'ధ' ఉన్నచోట ఇంగ్లిష్‌లో 'డ' ఉండటం మామూలే. విధవ, 'విడో' అలాగే ఒకటి. మధువు, తేనెతో చేసే మద్యానికి ఇంగ్లిష్ పేరైన 'మీడ్' అలాగే ఇంకొకటి.

మన దేశపు ఇంగ్లిష్ పత్రికల్లో ఈ మాట ఎక్కువగా కనిపించేది చట్టసభల వార్తల్లో. బిల్లు 'డిన్' మధ్య ఆమోదం పొందిందని రాస్తారు. తెలుగులో దాన్ని 'గందరగోళం మధ్య' అని రాయడం అలవాటైపోయింది. కానీ 'డిన్'లో గందరగోళం లేదు. ఎవరు ఏం కావాలంటున్నారో అందరికీ స్పష్టంగానే తెలుసు, మాట్లాడేవారి మాట మాత్రం వినిపించదు, అంతే. 'నినాదాల హోరు మధ్య' అంటే సరిగ్గా సరిపోతుంది. మా ఊళ్లోనే పుట్టిన వి.వి.గిరి 1967 నుంచి 1969 వరకు ఉపరాష్ట్రపతిగా రాజ్యసభకు అధ్యక్షత వహించారు. ఇప్పటి సభలను చూసి ఉంటే ఏ మాట వాడేవారో.

'ట్యూమల్ట్' ఇంకా పెద్దది. శబ్దంతో పాటు మనుషులు ఉప్పెనలా కదలాలి. లాటిన్ 'టుముల్టుస్' దీనికి తల్లి. మన 'తుములం'తో దాన్ని పోల్చడం పాత నిఘంటువుల కాలం నుంచీ ఉంది. భగవద్గీత మొదటి అధ్యాయంలో శంఖాలు, భేరులు ఒక్కసారిగా మోగినప్పుడు 'స శబ్దస్తుములోఽభవత్' అంటాడు సంజయుడు. ఆ 'తుముల'మే.

'హబ్బబ్' దానికి పూర్తిగా ఎదురు. నలభై గొంతులు కలిసి ఒకటే మూలుగులా వినిపిస్తాయి, కోపం ఉండదు. రైలు వచ్చే ముందు ప్లాట్‌ఫారం, పెళ్లివారు దిగిన విడిది ఇల్లు. తెలుగులో దీనికి 'సందడి' ఉండగా 'కోలాహలం' వెతుక్కోనక్కరలేదు. 'రాకెట్' అంటే విసుగు పుట్టించే మోత, పక్కవాటాలో పాత్రలు పడేస్తే వచ్చేది. అక్రమ వ్యాపారానికీ ఇంగ్లిష్‌లో ఇదే మాట కాబట్టి తెలుగు పత్రికల్లో 'కిడ్నీ రాకెట్' అని చదివిన పిల్లలు అది ఆకాశంలోకి ఎగిరేదని అనుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు, రెండింటికీ మనం రాసే అక్షరాలు అవే.

ఇక 'నాయిస్'. అందరికీ తెలిసిన మాటే అయినా తికమక దీంట్లోనే ఎక్కువ. 'సౌండ్' అంటే శబ్దం. 'నాయిస్' అంటే అక్కరలేని శబ్దం. అంటే అది చెవిలో పుట్టేది కాదు, వినేవారి అవసరంలో పుట్టేది. రాత్రి మైకు పెట్టిన ఉత్సవ కమిటీకి అది సందడి. పక్క వీధిలో జ్వరంతో పడుకున్నవారికి నాయిస్. ఈ తగవును చట్టం అంకెలతో తీర్చాలని చూసింది. శబ్ద కాలుష్యంపై 2000 సంవత్సరంలో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ఇళ్లున్న ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. 55కు, 45కు తేడా పదే కదా అనిపిస్తుంది. డెసిబెళ్ల లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు పెరిగినట్టు. చెవికి మాత్రం దాదాపు రెండింతలుగా తోస్తుంది.

ఒక ట్రాన్స్‌ఫార్మర్ కథ

మిగతా మాటలను ఒక ఊహాకథలో పెట్టి చూస్తే సులువు. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలిందనుకుందాం. ఇళ్లలోంచి అందరూ బయటికి పరుగెత్తారు, ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు. ఇది 'కమోషన్'. ఈ మాట లోపల 'మోషన్' ఉంది, కదలిక. చప్పుడు కంటే ఉరుకులు పరుగులు ముఖ్యం. తెలుగులో 'కలకలం'.

మూడు రోజులైనా కొత్తది రాలేదు. జనం కార్యాలయం ముందు చేరి ట్రాన్స్‌ఫార్మర్ కావాలని అరిచారు. ఇది 'క్లామర్'. లాటిన్‌లో 'క్లామారే' అంటే అరవడం. 'క్లెయిమ్' అనే మాట పుట్టింది కూడా దాంట్లోంచే. అందుకే క్లామర్‌లో చప్పుడుతో పాటు ఒక హక్కు మాట ఉంటుంది, ఏదో ఒకటి 'కావాలి' అని ఉండాలి. ఉత్తినే అరిస్తే క్లామర్ కాదు.

అధికారులు సమావేశం పెట్టారు. ఒకరు మాట్లాడుతుండగా పదిమంది లేచారు, అధ్యక్షుడు బల్ల గుద్దాడు, ఎవరూ వినలేదు. ఇది 'అప్‌రోర్', తెలుగు పత్రికల 'రభస'. అందులో గర్జన అని అర్థమిచ్చే 'రోర్' కనిపిస్తుంది గానీ ఆ మాటకూ దీనికీ సంబంధం లేదు. పదహారో శతాబ్దంలో డచ్చి భాష నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం తిరుగుబాటు. ఇంగ్లిష్ వారి చెవికి గర్జనలా వినిపించి, అర్థం కూడా క్రమంగా చప్పుడు వైపు జరిగింది. ఆ లెక్కన మా పిన్ని చెప్పిన అర్థం తప్పు కాదు, అయిదు వందల ఏళ్లు పాతది, అంతే.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది కానీ దాన్ని బడి గోడకు ఆనించి పెట్టారనుకుందాం. ఊరంతటా ఆగ్రహం. కొందరు ఊరేగింపు తీశారు, కొందరు ఉత్తరాలు రాశారు, ఒక తాతగారు ఇంట్లో కూర్చుని కలెక్టరుకు అర్జీ పంపారు. ఇది 'అవుట్‌క్రై'. తాతగారు నోరు విప్పలేదు, అయినా ఈ అరుపులో ఆయన ఉన్నారు. ఇక్కడ అరుపు మాటలో మాత్రమే ఉంది. తప్పు జరిగిందన్న భావం, అది చాలామందిది కావడం, ఈ రెండూ ఉంటే చాలు. 'గగ్గోలు' దీనికి దగ్గర, కాకపోతే గగ్గోలులో కొంచెం ఏడుపు కలిసి ఉంటుంది. పత్రికలు 'ఆగ్రహం వెల్లువెత్తింది' అని రాయడం నాకు నచ్చుతుంది, అందులో శబ్దం లేదు కాబట్టి. కోపమే లేని అవుట్‌క్రై కూడా ఒకటి ఉండేది. 1995లో కంప్యూటర్లు వచ్చేవరకు బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలో బ్రోకర్లు ధరలు అరిచి చెప్పుకునేవారు. ఆ పద్ధతి పేరు 'ఓపెన్ అవుట్‌క్రై'.

తర్వాత టీవీలు ఎక్కాయి, పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అందరూ మరిచిపోయారు. ఇది 'ఫ్యూరోర్', మన 'దుమారం'. తెలుగు మాటే ఎక్కువ బాగుందంటాను. దుమారం అంటే దుమ్ముతో కూడిన గాలివాన. లేచినప్పుడు ఏమీ కనపడదు, పోయాక అందరి కళ్లలో నలుసులుంటాయి.

ఈ కథలో ఎక్కడా 'రయట్' రాలేదు. అది చట్టం నిర్వచించిన నేరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది చట్టవిరుద్ధంగా గుమిగూడి, తమ ఉమ్మడి ఉద్దేశం కోసం బలప్రయోగమో హింసో చేస్తే అది 'రయటింగ్'. ఇద్దరు బహిరంగ స్థలంలో కొట్టుకుని ప్రజాశాంతికి భంగం కలిగిస్తే 'అఫ్రే'. ఎంత గట్టిగా అరిచినా అరుపు ఒక్కటే రయట్ కాదు. పత్రిక 'అప్‌రోర్' అని రాసినప్పుడు తెలుగులో 'అల్లర్లు' అనేస్తే, గొంతు పెంచినవారిని నేరస్థులను చేసినట్టు.

రంగూ, ఏడుపూ

నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడు 'హ్యూ అండ్ క్రై'ని 'రంగూ, ఏడుపూ' అని అనువదించాడు. నవ్వాను గానీ వాడి తర్కంలో లోపం లేదు. రంగుకు ఇంగ్లిష్‌లో 'హ్యూ' అనే మాట ఉంది మరి. ఈ 'హ్యూ' వేరు. పాత ఫ్రెంచిలో కేక వేయడం. కాబట్టి జంట మొత్తానికి అర్థం 'కేకా, అరుపూ'.

ఈ జంట ఒకప్పుడు చట్టం. ఇంగ్లండులో మొదటి ఎడ్వర్డ్ రాజు 1285లో చేసిన వించెస్టర్ శాసనం దీన్ని కట్టుదిట్టం చేసింది. దోపిడీ జరిగితే కేక వేయాలి. విన్నవారు పనులు వదిలి దొంగ వెంట పడాలి. దొంగ పక్క ఊళ్లోకి పారిపోతే కేకను ఆ ఊరివారు అందుకోవాలి. దొంగ దొరకకపోతే దోపిడీ నష్టానికి ఆ ప్రాంతపు ప్రజలే జవాబుదారులు. పోలీసు వ్యవస్థ లేని రోజుల్లో ఊరి గొంతే పోలీసు. కారణం లేకుండా ఈ కేక వేయడం కూడా శిక్షించదగిన తప్పు. మన పల్లెల్లో అర్ధరాత్రి 'దొంగ, దొంగ' అని ఒక ఇంట్లో వినిపిస్తే వీధంతా కర్రలతో లేచే పద్ధతికి రాజముద్ర వేసినట్టు అనుకోవచ్చు. 1827లో ఆ చట్టాలను ఇంగ్లండు రద్దు చేసింది.

అరుపుకు చట్టబలం ఉన్న చోటు ఇంకా ఒకటి మిగిలింది. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఉన్న జెర్సీ, గెర్న్సీ దీవుల్లో ఒకరు తమ ఆస్తికి అన్యాయం జరుగుతోందనుకుంటే అక్కడికక్కడే సాక్షుల ముందు మోకరిల్లి 'హారో' అని మూడుసార్లు అరవవచ్చు. కోర్టు తేల్చేవరకు ఎదుటివారు పని ఆపాలి. దాని పేరులోనూ 'క్లామర్' ఉంది.

ఇంత బరువైన మాట మన దేశంలో ఎలా మారిందో చూడండి. 'ఇంత చిన్నదానికి హ్యూ అండ్ క్రై ఎందుకు' అంటారు, అంటే రాద్ధాంతం చేయవద్దని. ఇది తప్పు వాడుక అని కొందరు ఉపాధ్యాయులు ఎర్రసిరాతో గీస్తారు. మూలంలో అది న్యాయమైన కేక కాబట్టి చులకనగా వాడకూడదని వారి వాదన. మాట ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఇప్పుడు నలుగురూ దేనికి వాడుతున్నారన్నదే అర్థమని ఎదుటివారి వాదన. ఈ రెండో వాదానికి మా ప్రాంతంలో పెద్దదిక్కు ఉంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు దశాబ్దాలపాటు ఉన్నది, పనిచేసింది పర్లాకిమిడిలోనే. అయినా ఈ ఒక్క మాట దగ్గర నేను సగం ఎర్రసిరా పక్షమే. దొంగను పట్టించిన కేకకూ, చిన్నదాన్ని పెద్దది చేసే నసకూ ఒకటే పేరైతే మొదటిదాన్ని ఏమని పిలవాలి?

మాట ఎంచుకున్నది ఎవరు?

ఒకే నిరసనను ఒక పత్రిక 'అవుట్‌క్రై' అంటుంది, ఇంకొకటి 'హల్లబలూ' అంటుంది. మొదటిది జనం బాధను ఒప్పుకుంటుంది. రెండోది నవ్వుతుంది, మన 'హంగామా', 'నానా యాగీ' లాగా. అందుకని మాటను బట్టి పత్రిక పక్షపాతం కనిపెట్టవచ్చని కొందరంటారు. శీర్షికలు పెట్టేవారి మాట వేరుగా ఉంటుంది. కాలమ్ వెడల్పు ఇంతే, మూడక్షరాల 'రౌ', మూడక్షరాల 'డిన్', నాలుగక్షరాల 'స్టర్' పట్టినచోట పది అక్షరాల 'హల్లబలూ' పట్టదు, మా మనసులో ఏమీ లేదు అంటారు. రెండూ నిజమే. అందుకే పొట్టి మాటను చూసి అనుమానపడనక్కరలేదు. చోటు చేసుకుని మరీ పొడుగు మాట పెట్టారంటే అక్కడ కొంచెం ఆగి చదవాలి.

'రౌ' అంటే తగవు. 'రో' అని పలికితే వరస అవుతుంది, అక్షరాలు మాత్రం అవే. 'స్టర్' బ్రిటన్‌లో చిన్నపాటి కదలిక, మన పత్రికల్లో ఏకంగా ఉద్యమం. 'పాండెమోనియం' మిల్టన్ కవి 1667 నాటి కావ్యంలో దయ్యాల రాజధానికి పెట్టిన పేరు. 'బెడ్లమ్' లండన్‌లోని ఒక పాత మానసిక వైద్యశాల పేరు నలిగి ఏర్పడింది. రోగులను ఎగతాళి చేసినట్టుంటుందని దాన్ని వాడనివారున్నారు, వారితో నాకు పేచీ లేదు.

మన మాటల్లోనూ గోతులున్నాయి

ఇంగ్లిష్ ఒక్కటే చిక్కు పెడుతుందనుకోవడం అన్యాయం. 'అల్లరి' ఏకవచనంలో ముద్దు, బహువచనంలో కర్ఫ్యూ. అల్లరి పిల్లవాడిని ఎత్తుకుంటాం, అల్లర్లు జరిగితే తలుపులు వేసుకుంటాం. 'గొడవ' కూడా దాదాపు అంతే. పిన్ని ఫోను వెనక ఉన్నది ఈ 'లు' అక్షరమే. 'రాద్ధాంతం' ఇంకా చిత్రం. సంస్కృతంలో దాని అర్థం నిరూపణ అయిన సిద్ధాంతం. తెలుగులో అనవసరపు రచ్చ. పండితుల చర్చలు బయట కూర్చుని విన్నవారెవరో అర్థం మార్చి ఉంటారని నా ఊహ.

ఒడియాతో కలిసి బతికేవారికి మరికొన్ని. 'గండగోళ' మన 'గందరగోళం'లాగే వినిపిస్తుంది. కానీ అక్కడ తగవు, గొడవ వైపు మొగ్గు, ఇక్కడ అయోమయం వైపు. పరీక్ష హాలులో గండగోళ అని ఒడియా మిత్రుడు చెబితే ప్రశ్నపత్రాలు తారుమారయ్యాయని కాదు, గొడవ జరిగిందని. 'ఆక్రోశ' అక్కడ కోపం, కక్ష. మన 'ఆక్రోశం'లో వేదన ఉంది. 'కోలాహలం' తెలుగువారికి పండగ గుర్తు చేస్తుంది, ఒడియాలో సంతోషం తప్పనిసరి కాదు. 'హట్టగోళ' మాత్రం ఏ అనువాదమూ అక్కరలేనంత చక్కగా ఉంది. 'హట్ట' అంటే సంత, 'గోళ' అంటే గోల. సంతగోల.

పెళ్లి పందిట్లో

నా జాబితాలో చివరకు రెండు చప్పుళ్లు మిగిలిపోతాయి. ఒడియా ఇళ్లలో శుభకార్యాలప్పుడు ఆడవారు నాలుక ఆడిస్తూ చేసే 'హుళహుళి' ఒకటి. ఇంగ్లిష్‌లో దీనికి 'అల్యులేషన్' అంటారు. ఆ శబ్దాన్ని అనుకరించిన లాటిన్ మాట నుంచి వచ్చింది. ఛాందోగ్యోపనిషత్తులో సూర్యుడు పుట్టినప్పుడు లేచిన ఘోషలను వర్ణించిన 'ఉలూలు' కూడా అలాంటి అనుకరణే. తెలుగులో మాత్రం దీనికి మాట లేదు, మనం చేయం కాబట్టి.

రెండోది మన 'గట్టిమేళం'. మంగళసూత్రం కట్టే క్షణంలో తుమ్మో, అపశకునపు మాటో చెవిన పడకుండా సన్నాయి, డోలు ఒక్కసారిగా హోరెత్తించడం. ఒక చప్పుడును మరో చప్పుడుతో కప్పడానికే కావాలని చేసే చప్పుడు. దీనికి ఇంగ్లిష్‌లో ఒక్క మాట నాకు దొరకలేదు. 'డిన్' అంటే పెళ్లిపెద్దలు ఒప్పుకోరు, 'హబ్బబ్' అంటే డోలు వాయించేవాడు ఒప్పుకోడు.

మా బంధువుల ఇంట్లో తెలుగు అబ్బాయికి, ఒడియా అమ్మాయికి పెళ్లయింది. సూత్రం ముడిపడేటప్పుడు ఇటు గట్టిమేళం, అటు హుళహుళి, మధ్యలో ఎవరో శంఖం. ఆ ఇంటి పిల్లవాడు పెళ్లి వీడియోలో ఆ ఘట్టానికి ఇంగ్లిష్‌లో పేరు పెట్టమని నన్ను అడిగాడు. రెండు రోజులు గడువు అడిగాను. ఇంకా ఇవ్వలేదు.